పై డెక్కు, కిటికీ పక్క బెర్తు

కేబిన్ టికెట్టు బ్యాగులో పెట్టుకుని మూడు రాత్రులు బంక్ హాల్లో పడుకున్నదాన్ని నేను. ఈ మాట ఎప్పుడెత్తినా మా ఇంట్లోవాళ్లు "మళ్లీ మొదలెట్టింది" అంటారు. మొదలెట్టడమేమిటి? నేను ఆపిందెప్పుడు?

కలకత్తా నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్లే ఓడ అది. ఓడ పేరు చెప్పను. టికెట్టు అమ్మిన ఏజెంటు పేరూ చెప్పను. చెప్పకపోవడం అంటే క్షమించడం కాదు.

అప్పట్లో నేను టెలిఫోన్ ఎక్స్చేంజీలో ఆపరేటరుని. సర్కారీ ఉద్యోగులకు కొన్నేళ్లకొకసారి కుటుంబంతో కలిసి దేశంలో ఎక్కడికైనా వెళ్లిరావడానికి సెలవూ, ప్రయాణ సౌకర్యమూ ఇచ్చేవారు. ఎక్స్చేంజీ భోజనాల గదిలో ఆ సౌకర్యం మీద నడిచినన్ని కబుర్లు దేనిమీదా నడిచేవి కావు. అందరూ పూరీ, డార్జిలింగ్, కాశ్మీర్ అనేవారు. నేను అండమాన్ అన్నాను. మా సూపర్‌వైజరు టిఫిన్ డబ్బా మూత తీస్తూ, నవ్వుతూ, "మీవాళ్లు ఓడకి సరుకు ఎక్కించేవాళ్లు కదా, ఎక్కేవాళ్లు కాదుగా" అంది. పక్కనున్న నలుగురూ నవ్వారు. అందులో ఒకామెకు నేను రెండుసార్లు డ్యూటీ మార్చుకుని సాయం చేశాను. ఆ సూపర్‌వైజరు రిటైరై ఎన్నో ఏళ్లయింది. ఆ రోజు ఆమె డబ్బాలో ఏం కూర ఉందో కూడా నాకు గుర్తే. కాకరకాయ.

ఆమె అన్నది అబద్ధం కాదు. మా నాన్న శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు ఊరి నుంచి ఇరవై ఆరో ఏట కలకత్తా వచ్చి, ఖిదిర్‌పూర్ డాకులో, అంటే ఓడరేవులో, ముప్పై రెండేళ్లు బస్తాలు మోశాడు. ఓడ కడుపులో సరుకు ఉండే గొయ్యిలోకి నిచ్చెన మీద దిగడం, పైకి రావడం, అంతే ఆయన చూసిన ఓడ. ఒకసారి ఎండాకాలంలో మంచినీళ్ల కోసం పై డెక్కుకు వెళ్లే మెట్లెక్కబోతే, అడ్డంగా కట్టిన గొలుసు దగ్గర కాపలావాడు ఆపి కిందకి దింపేశాడట. ఈ కథ నాన్న నవ్వుతూ చెప్పేవాడు. వినేవాళ్లూ నవ్వేవారు. నాకు అందులో నవ్వాల్సింది ఎప్పుడూ కనబడలేదు.

ఆయన రిటైరైన రెండేళ్లకు నేను నిర్ణయించుకున్నాను. ఒక్కసారైనా మా నాన్న ఓడలో, పై డెక్కులో, కిటికీ ఉన్న కేబిన్‌లో పడుకోవాలి. అమ్మ అప్పటికి లేదు. నా భర్తకు సెలవు దొరకలేదు. మంచిదే అయింది, ఇద్దరికే టికెట్లు.

ధర్మతల్లాలో ఒక మిఠాయి కొట్టు పైన ఉండేది ఏజెంటు ఆఫీసు. దుర్గాపూజ సెలవుల ముందు అక్కడ నిలబడడానికి చోటుండదు. బల్ల మీద రంగు కాగితాలు పరిచి, కేబిన్, భోజనం, దీవుల్లో తిప్పడం అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ అని చెప్పాడు. ఒక ఫోటో చూపించాడు. తెల్లటి పక్కబట్టలు, గోడకు చిన్న అద్దం, గుండ్రటి కిటికీ, కిటికీ నిండా నీలం సముద్రం.

"ఇది ఈ ఓడలో కేబినేనా?" అని అడిగాను.

"ఓడంటే ఓడే కదా దిదీ," అన్నాడు. "మీరు కళ్లు మూసుకుని వెళ్లండి. పై డెక్కు, కిటికీ పక్క బెర్తు. నేనున్నాను."

నేను కళ్లు మూసుకునే రకం కాదు. అయినా ఆ రోజు అడగవలసినవి అడగలేదు. కేబిన్ నంబరు టికెట్టు మీదే వేసి ఇస్తారా, ఓడెక్కాక ఇస్తారా? కిటికీ అవతల ఏముంటుంది? భోజనం కలిపి అంటే ఎవరి భోజనం, ఏ వరసలో నిలబడి? ఇవన్నీ తర్వాత నేర్చుకున్నాను. ఇప్పుడు మా బంధువుల్లో ఎవరు ఓడెక్కుతామన్నా ముందు నా దగ్గరికి పంపిస్తారు. సగంమంది నా మాటలు విని రైలెక్కుతారు.

ఓడ బయల్దేరే రోజునే బంద్ పడింది. ప్రభుత్వం నడిపేవాళ్లే పిలిచిన బంద్ కాబట్టి రిక్షా చక్రం కూడా తిరగదని అందరికీ తెలుసు. కానీ బంద్ మనుషులకు గానీ గంగలో పోటుకు కాదు. పోటు వచ్చినప్పుడే డాకుకీ గంగకీ మధ్య ఉన్న నీటి గేటు తెరవాలి, ఓడ కదలాలి. కాబట్టి సాయంత్రానికి ఓడ వెళ్లిపోతుందని కబురు వచ్చింది. ఎక్స్చేంజీలో మాకు ముందురోజే లోపలే ఉండిపొమ్మన్నారు, లేకపోతే మర్నాడు ఎవరూ రాలేరని. నాన్నతో గట్టిగా చెప్పి వెళ్లాను. "నువ్వు ఇంట్లోనే ఉండు. మధ్యాహ్నానికి నేను నడుచుకుంటూ వస్తాను. టికెట్లు నా దగ్గరే ఉన్నాయి. కలిసి వెళ్దాం."

"అలాగేనే," అన్నాడు.

డ్యూటీ దిగి, ఖాళీ రోడ్ల మీద మైదానం పక్కనుంచి నడిచి, రెండు గంటలకు ఏక్‌బాల్‌పూర్‌లో నాన్న ఇంటికి చేరేసరికి తలుపుకు తాళం. పక్కింటామె గుమ్మంలో బియ్యం ఏరుతోంది.

"మీ నాన్న పొద్దున్నే ఎలిపోనాడు కదమ్మా. ఓడ ఎలిపోద్దేమోనని ఒకటే ఆత్రం. సంచీ బుజానేసుకుని పోనాడు."

ఇంటి నుంచి డాకుకు పావుగంట నడక. చెప్పులు తెగేలా నడిచాను.

నాన్న ఓడలోనే ఉన్నాడు. టికెట్టు లేకుండా ఎలా ఎక్కాడంటే, ఆయన పాత గేంగులోవాడొకడు ఇంకా పనిలో ఉన్నాడు. టికెట్టు మా గుంట దగ్గరుందిరా అని నా సంగతి చెప్పి, వంటగదికి కూరల బస్తాలు ఎక్కించే మెట్ల మీదుగా ఎక్కేశాడు. నేను బంక్ హాల్లోకి దిగేసరికి, ఇనప మంచాల వరసలో, ఫ్యాను కింద, మా ఇంటి గళ్ల దుప్పటి పరిచి దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. పక్క మంచం మీద నా కోసం తువ్వాలు పరిచాడు.

"వొచ్చీసినావా! రా, రా. సూడు ఎలాటి జాగా అట్టిపెట్టినానో. పేను కిందే."

"నానా, మనది ఇక్కడ కాదు. పైన. కేబిన్."

"ఏ కేబినే?"

"నెల్రోజుల్నించీ చెప్తున్నాను కదా. టికెట్టు మీద ఉంది."

"టికెట్టు మీద సానా ఉంతాయే. జాగా ఉండాల కదా. ఈ జనాన్ని సూసినావా? నాను రాబట్టి దొరికింది. పేర్లు పిలిసినారు. మన పేర్లు కూడా పిలిసినారు. హాజిర్ అన్నాను. బాబు రాసుకున్నాడు."

ఆ హాజిర్ అన్న మాటతోనే మా కేబిన్ పోయింది.

డాకులో పని చేసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకు చెప్పాలి. పొద్దున్నే రోడ్డు వైపు గేటు దగ్గర, కూలీల పెద్ద అయిన సర్దారు పేర్లు పిలిచేవాడు. పేరు వినబడగానే నిలబడ్డ చోటునుంచే చెయ్యెత్తి హాజిర్, అంటే ఉన్నాను, అనాలి. నువ్వెక్కడ నిలబడి ఆ మాట అన్నావో ఆ రోజుకి అదే నీ గొయ్యి, అదే నీ గేంగు. తర్వాత నోరెత్తడానికి లేదు. ముప్పై రెండేళ్లు అలా పలికిన మనిషి, ఓడ గుమాస్తా కేబిన్ వాళ్ల జాబితా పట్టుకుని హాలంతా వినబడేలా మా పేర్లు చదివినప్పుడు, దుప్పటి మీద కూర్చునే చెయ్యెత్తాడు. గుమాస్తా వచ్చి చూశాడు. మంచం నంబరు రాసుకున్నాడు. వెళ్లిపోయాడు.

గుమాస్తా బల్ల మెట్ల కింద ఉంది. కళ్లద్దాలు నుదుటి మీదకి తోసుకుని, పాన్ నములుతూ, నేను చెప్పిందంతా విన్నాడు.

"అయిపోయింది దిదీ. మీ పేర్ల ఎదురుగా బంక్ నంబర్లు పడిపోయాయి."

"టికెట్టులో కేబిన్ అని ఉంది."

"వెనక్కి తిప్పి చూడండి. 'ఓడలో కేటాయింపును బట్టి' అని కూడా ఉంది."

ఉంది. చీమ తలకాయంత అక్షరాల్లో.

"ఆ పెద్దాయన దుప్పటి పరుచుకుని, చెయ్యెత్తి, హాజిర్ అన్నాడు. బలవంతం ఎవరైనా చేశారా? కేబిన్ కోసం ఎదురుచూసేవాళ్లు గుమ్మంలోనే నిలబడ్డారు. వాళ్లకిచ్చేశాను. ఇప్పుడు వాళ్లని లేపమంటారా?"

"అవును," అన్నాను.

ఆయన నావైపు మొదటిసారి సరిగా చూశాడు.

"ఫిర్యాదు పుస్తకం ఇవ్వండి."

"క్యాప్టెన్ గదిలో ఉంది."

"తెప్పించండి."

"నది దాటాక."

నది దాటాక అడిగితే, సముద్రం కాస్త సర్దుకున్నాక అన్నాడు. సర్దుకున్నాక అడిగితే, దిగేటప్పుడు అన్నాడు. నేను పుస్తకాల కోసం ఆగే మనిషిని కాదు. నా బ్యాగులో ఎప్పుడూ తెల్ల కాగితాలూ రెండు కార్బన్ కాగితాలూ ఉంటాయి. ఆ సాయంత్రమే మొదటి ఫిర్యాదు రాసి, అసలు బల్ల మీద పెట్టి, నకలు నా దగ్గర ఉంచుకున్నాను. ఆయన అసలు మీద పాన్ డబ్బా పెట్టాడు.

ఆ మొదటి రోజు నేను అలా వాదిస్తూ ఉండగానే పోటు వచ్చింది. నాన్న పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"బేగి రాయే! గేటు తెరుత్తున్నారు. ఓడ దాటుతోంది!"

"నువ్వెళ్లు నానా. నేను ఇక్కడ్నించి కదిలితే ఇంక వీళ్లు నాతో మాట్లాడరు."

ఆయన వెళ్లాడు. పావుగంట తర్వాత తిరిగి వచ్చినప్పుడు ముఖం వెలిగిపోతోంది గానీ గొంతు కోపంగా ఉంది.

"ముప్పై రెండేళ్లు ఆ గేటుకి ఈపక్కనే ఉండిపోయినాను. ఇవాళ దాటినాను. నువ్వు బల్ల కాడ నిలుసున్నావు."

నేను ఆ గేటు దాటడం చూడలేదు. దానికి కూడా ఆ గుమాస్తాయే బాధ్యుడని నా అభిప్రాయం.

బంక్ హాలు చెడ్డదేం కాదు. నిజాయితీగా చెప్పాలి. మంచానికి మంచానికి మధ్య ఒక మనిషి పట్టేంత సందు. పెట్టెలు, బుట్టలు, నీళ్ల కూజాలు, పసిపిల్లల ఉయ్యాల చీరలు. నా అవతలి మంచం మీద సోంపేట వైపు ఆమె ఉండేది. భర్త అండమాన్‌లో చేపల వేటకు వెళ్లి అక్కడే స్థిరపడ్డాడు. మేనమామ ఇంటికని కలకత్తా వచ్చి, తిరిగి వెళ్తోంది. మొదటి గంటలోనే నన్ను అక్కా అన్నట్టు అప్పా అనీ, నాన్నని తాతా అనీ పిలవడం మొదలెట్టింది. భోజనం ప్యాకేజీలో కలిపే అన్న మాటకు అర్థం, కేబిన్ వాళ్లు బల్లల దగ్గర కూర్చుంటే మనం టోకెన్ పట్టుకుని పళ్లెంతో వరసలో నిలబడటం. అన్నం, పప్పు, బంగాళాదుంపా, దొండకాయలాంటి పొటోలూ కలిపిన కూర. రెండు పూటలా అదే.

"ఏటప్పా, ఒకటే రాత్తన్నావు? మీ ఆయనకా ఉత్తరం?"

"ఓడవాళ్లకి. మా కేబిన్ వేరేవాళ్లకి ఇచ్చారు."

"ఓలమ్మా. అలాగైతే పెద్ద ఉత్తరమే రాయి."

రెండో రోజు పొద్దున్న, నీళ్ల రంగు మట్టి నుంచి ఆకుపచ్చకి మారుతుండగా, నేను పై డెక్కు మెట్లెక్కాను. పైన గొలుసు. గొలుసు పక్కన ఒకడు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కేబిన్ వాళ్లకు మాత్రమే అన్నాడు. కేబిన్ అని రాసి ఉన్న టికెట్టు చూపించాను. తిప్పి చూసి, నా బంక్ నంబరు అడిగి, తిరిగిచ్చేశాడు. నేను దిగలేదు. అక్కడే రెండో మెట్టు మీద నిలబడ్డాను. కాసేపటికి గొలుసు అవతల మంకీ క్యాప్ పెట్టుకున్న ఒక పెద్దమనిషి వచ్చాడు.

"ఫిర్యాదులు రాస్తున్న దిదీ మీరేనా?"

"ఇంకెవరైనా రాస్తున్నారా?"

"లేదు, లేదు. మీ కేబిన్‌లో ఉన్నది మేమే. నేనూ మా తమ్ముడూ. పేరు పిలిచారు, వచ్చాం. మా తప్పేముంది చెప్పండి?"

"మీ తప్పేం లేదు. బెర్తులు మాత్రం మావి."

"లోపలికి వచ్చి టీ తాగండి పోనీ."

నా కేబిన్‌లోకి నన్నే అతిథిలా పిలవడం! వద్దన్నాను. ఆయన మంచివాడే. అది నా కోపానికి ఏమాత్రం ఉపయోగపడలేదు.

కిందికి వచ్చేసరికి నాన్న చుట్టూ పదిమంది చేరి ఉన్నారు. సరుకు గొయ్యి మూత మీద కూర్చుని, తాడు ఎలా వెయ్యాలో, ఇనప కొక్కెం ఏ బస్తాకి ఏ పక్క గుచ్చాలో చెబుతున్నాడు. నన్ను చూసి లేచి వచ్చాడు.

"మళ్లీ ఎల్లినావా? ఒద్దే. ఊరుకో. ముప్పై రెండేళ్లలో ఎవుడి మీదా ఒక కాయితం ఎట్టలేదు నాను."

"అందుకే ఆ మెట్లు ఎక్కలేదు," అన్నాను.

అనకూడదు. అన్నాక తెలిసింది. ఆయన వెళ్లి మళ్లీ గొయ్యి మూత మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం భోజనం దాకా నాతో మాట్లాడలేదు.

ఆయన కాగితం పెట్టకపోవడానికి కారణం నాకు తెలుసు. సర్దారు మీద ఎవరైనా కాగితం పెడితే, మర్నాడు పొద్దున్న వాడి పేరు పిలిచేవారు కాదు. కొట్టేవారు కాదు, తిట్టేవారు కాదు. ఊరికే పిలిచేవారు కాదు, అంతే. ఒక్కోసారి ఏ కాగితం పెట్టకపోయినా పిలిచేవారు కాదు. నా చిన్నప్పుడు అలాంటి రోజుల్లో నాన్న ఎనిమిదింటికే ఇంటికి వచ్చేసి, గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అమ్మ మమ్మల్ని గట్టిగా చదవొద్దని సైగ చేసేది. ఇదంతా తెలిసి కూడా ఆ మాట అన్నాను. నా మీద నాకున్న ఫిర్యాదుల్లో ఇదొకటి.

మూడో రోజు సముద్రం లేచింది. ఏ ప్యాకేజీ కాగితంలోనూ రాయని సంగతి ఒకటి డాకులో పిల్లలకు కూడా తెలుసు. ఓడలో ఎంత పైకి వెళ్తే అంత ఊగుతుంది. కింద మాకు ఉయ్యాలలా ఉంది. పైన కేబిన్లలో పెట్టెలు ఈ గోడ నుంచి ఆ గోడకు జారుతున్నాయట. మధ్యాహ్నం మూడింటికి గుమాస్తా స్వయంగా మా మంచాల దగ్గరికి వచ్చాడు. కళ్లద్దాలు ముక్కు మీదే ఉన్నాయి.

"దిదీ, మీ కేబిన్‌లో ఉన్న అన్నదమ్ముల్లో తమ్ముడికి ఒంట్లో బాగోలేదు. ఒకటే వాంతులు. డాక్టరు కిందికి తెచ్చి, ఓడ మధ్యలో పడుకోబెట్టమన్నాడు. మీ నాన్నగారు మంచం ఇస్తే, ఆ బెర్తు ఆయనకిస్తాను."

"రెండు బెర్తులు మావి."

"ఒక్కటే ఖాళీ అయింది."

"కిటికీ పక్కదేనా?"

"కిటికీ పక్కదే."

"రాసివ్వండి," అన్నాను. చిన్న చీటీ మీద రాసిచ్చాడు.

నాన్న పేకాటలో ఉన్నాడు. చేతిలో ముక్కలు కింద పెట్టలేదు.

"నానెందుకే? నువ్వెల్లు. నీకే కావాల గదా."

"నాకు కాదు నానా. నీకు."

"నాకిక్కడ బాగానే ఉంది."

"తెలుసు. అయినా వెళ్లు. ఒక్క రాత్రి."

నా ముఖం చూశాడు. ముక్కలు పక్కవాడికిచ్చి, గళ్ల దుప్పటి తనే మడత పెట్టాడు. సంచీలోంచి ఉతికిన బనియను తీసి తొడుక్కున్నాడు. నేను మెట్ల దాకా వెళ్లాను. స్టూలు మీదవాడు లేచి నిలబడి గొలుసు తీసి పట్టుకున్నాడు. నాన్న దాన్ని దాటేముందు చెప్పులు విప్పబోయి, ఎందుకో ఆగి, చెప్పులతోనే వెళ్లాడు. మాకు జరిగిన మర్యాదలు కూడా నేను గుర్తుపెట్టుకుంటాను. తక్కువ కాబట్టి కష్టం లేదు.

ఆ రాత్రి నాన్న మంచం మీద మంకీ క్యాప్ పెద్దమనిషి తమ్ముడు పడుకున్నాడు. యాభై ఏళ్ల మనిషి, కాలేజీలో పాఠాలు చెబుతాడట, ముఖం తెల్లకాగితంలా అయిపోయింది. అన్న ఇలాంటివి చూడలేనని పైనే ఉండిపోయాడు. ఇంక ఎవరున్నారు? సోంపేట ఆమె ఉసిరి ఊరగాయ ముక్క ఆయన నోట్లో పెట్టి చప్పరించమంది. ఆయనకు ఆమె భాష రాదు, ఆమెకు ఆయన భాష రాదు. చప్పరించాడు.

"దిదీ, మా మీద కోపంగా ఉందా?" అని అడిగాడు నన్ను.

"ఉంది. బాల్చీ సరిగా పట్టుకోండి."

అటు ఆయన మూలుగు, ఇటు ఇంజను చప్పుడు. పైన మా నాన్న కిటికీ పక్కన తెల్లటి పక్క మీద పడుకుని ఉంటాడన్న ఒక్క ఊహతో నేను నిద్రపోయాను. ఆ మూడు రాత్రుల్లో బాగా నిద్రపట్టింది ఆ రాత్రే.

పొద్దున్న ఆరు కాకుండానే నాన్న దిగి వచ్చాడు. దుప్పటి భుజాన వేసుకుని, కనుబొమలు ముడిచి. నేను లేచి కూర్చున్నాను.

"ఎలా ఉంది నానా?"

"ఏటి ఎలాగుంది?"

"కిటికీ ఉందా?"

"ఉంది."

"సముద్రం కనబడిందా?"

"పడవ కనబడింది."

"ఏ పడవ?"

"నారింజ రంగు పడవే. కిటికీకి అడ్డంగా ఏలాడదీసినారు. రాత్రంతా దాని పొట్ట సూసుకుంటా పడుకున్నాను. ఓడ మునిగితే ఎక్కడానికంట. మునగలేదు గదా! అందాకా కిటికీకెందుకడ్డం?"

సోంపేట ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నవ్వకే నువ్వు. చలి సూస్తే సేపలెట్టీ అయిసు గదిలాగుంది. ఆ టోపీ బాబు తలుపు గెడేసి గుడ్ నైట్ అన్నాడు. మరి మాట నేదు. మనిసిని పక్కనెట్టుకుని మాటాడకుండా ఎలాగ పడుకుంతారో! ఈ పాటి దానికి మా గుంట మూడ్రోజులు బల్ల కాడ నిలబడిందా? కాయితం తియ్యి."

"ఏం కాయితం?"

"నువ్వు రాసీదే. కింద ఆ నీలం కాయితం కూడా ఎట్టు. నకలుండాల."

నాకు నమ్మబుద్ధి కాలేదు. "ఎవరి మీదా కాయితం పెట్టలేదన్నావు కదా నానా."

"అప్పుడెట్టితే తెల్లారి పేరు పిలిసీవోరు కాదు. ఇప్పుడు పిలవకపోతే ఏటవుద్ది? నాను పేసింజర్ని."

ఒడిలో అట్ట పెట్టుకుని రాయడం మొదలెట్టాను. ఆయన తెలుగులో చెప్పాడు, నేను ఇంగ్లీషులోకి మార్చుకుంటూ రాశాను. పడవ సంగతి, చలి సంగతి నేనే ముందు రాయబోతే ఆపాడు.

"అవి ఎనక. మొదట ఇది రాయి. బెర్తులు ఇద్దరివి. నిన్న పైకి పిలిసింది ఒకల్ని. రెండో పేరు పిలవలేదు. ఆ పేరు మా కూతురిది."

నేను తల ఎత్తకుండా రాశాను. అక్షరాలు కాస్త వంకర పోయాయి, ఓడ ఊగడం వల్ల. చివర ఆయన తెలుగులో సంతకం పెట్టాడు, ఒక్కో అక్షరమూ బస్తా దించినట్టు జాగ్రత్తగా. ఆ కాగితానికి ఈనాటికీ జవాబు రాలేదు. దాని మీద నేను రాసిన ఉత్తరాల కథ వేరే.

మధ్యాహ్నానికి ఓడ ఒడ్డుకు కట్టారు. జనమంతా పెట్టెలు నెత్తిన పెట్టుకుని మెట్లమీద కిక్కిరిసిపోయారు. కాలేజీ పంతులు నడవగలుగుతున్నాడు. నాకు నమస్కారం పెట్టి వెళ్లాడు. ప్యాకేజీ వాళ్ల బస్సు గేటు బయట అరగంటే ఆగుతుందని ఎవడో అరుస్తున్నాడు. నేను సామానంతా చుట్టుకుని చూస్తే నాన్న లేడు.

ఆయన గుమాస్తా బల్ల దగ్గర ఉన్నాడు. బల్ల ఖాళీ. కాగితాలు, పాన్ డబ్బా అన్నీ ఒక ఇనప పెట్టెలో సర్దేసి, గుమాస్తా దిగడానికి సిద్ధంగా చొక్కా మార్చుకుని ఉన్నాడు. నాన్న మాట్లాడేది డాకు హిందీ. నకలు కాగితం రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

"తీసుకున్నాను కదా పెద్దాయనా. ఇంక వెళ్లండి. అందరూ దిగిపోయారు."

"నకలు మీద మొహరు వెయ్యి బాబూ."

"మొహరు పెట్టెలో సర్దేశాను."

"పెట్టెకి తాళం చెవుంటాది గదా."

వెనకనుంచి ఓడ భోంపూ మోగింది. బస్సువాడు ఇంకోసారి అరిచాడు. సోంపేట ఆమె కింద ఒడ్డున నిలబడి, భర్త పక్కనుంచి నాకు చెయ్యి ఊపుతోంది. నేను నాన్న మోచెయ్యి పట్టుకుని, నా జన్మలో ఎవరితోనూ అనని మాట అన్నాను.

"పోనీలే నానా, వదిలెయ్యి. పోదాం పద."

నాన్న నావైపు తిరగను కూడా తిరగలేదు.

"నువ్వు సామాను కాడ నిలుసో. మొహరు పడ్డాక వొత్తాను."

గుమాస్తా నిట్టూర్చి, జేబులో తాళంచెవి కోసం వెతుక్కుంటూ పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.